2070 నాటి నెల్లూరు, ప్రకాశం: ఆశ పెట్టుకోవడానికి ఆధారాలేమిటి?

ఒంగోలులో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. మానవజాతి వాతావరణ మార్పు గండాన్ని గట్టెక్కిన కాలాన్ని ఊహించి రాయమని తరగతిలో చెబితే, తాను రాసినది తనకే కట్టుకథలా అనిపించిందని ఆమె అన్నారు. అలాంటి రోజు నిజంగా రాగలదా, వస్తే మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఎలా ఉంటుంది, అందుకు తనలాంటివారు చేయదగిన పని ఏమిటి అన్నవి ఆమె ప్రశ్నలు. పెన్నా డెల్టా కాలవల మీద ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి కనుక నీటి గురించి కొంచెం ఎక్కువగానే చెబుతాను.

అమ్మా, ఇలాంటి వ్యాసాల్లో సాధారణంగా ఎండలు తగ్గిపోతాయి, వానలు వేళకు కురుస్తాయి, సముద్రం శాంతిస్తుంది. అవి నమ్మశక్యంగా లేకపోవడానికి కారణం అదే. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళున్న బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఇప్పుడు 420 దాటింది. 2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత ఆనాటికంటే దాదాపు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువగా నమోదయింది. మనం గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువు, తిరిగి గాలి నుంచి తీసివేసేది సమానమైతే ఈ పెరుగుదల దాదాపు ఆగిపోతుందని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన శాస్త్రజ్ఞుల సంఘం ఐపీసీసీ నివేదికలు చెబుతున్నాయి. ఆగుతుందే కాని, పెరిగిన వేడి మన మనవల కాలంలో కూడా పెద్దగా దిగిరాదు. సముద్రమట్టమైతే ఆ తర్వాతా శతాబ్దాల పాటు పెరుగుతూనే ఉంటుంది. ఉద్గారాలను అతి వేగంగా తగ్గించినా 2100 నాటికి, 1995–2014 మధ్య ఉన్న మట్టంతో పోలిస్తే, 28 నుంచి 55 సెంటీమీటర్లు పెరగవచ్చునని వారి అంచనా. అందువల్ల గెలిచిన రోజున కూడా రోహిణీ కార్తె ఎండ ఇప్పటిలాగే మండుతుంది, కొత్తపట్నం, మైపాడు తీరాల్లో కెరటం ఇప్పటికంటే కాస్త లోపలికే వస్తుంది. కాకపోతే ఆ ఎండ ఏటికేడాది ముదరడం మానేస్తుంది. మారిన ఎండకూ వానకూ తగినట్లు కాలవలను, ఇళ్ళను, పంటలను, పనివేళలను సరిచేసుకున్న జనం ఇక్కడ బతుకుతుంటారు. నేను సాధ్యమని నమ్మే భవిష్యత్తు ఇదే, దీన్నే ఊహించమని మిమ్మల్ని కోరుతున్నాను.

సాధ్యమని ఎందుకు నమ్ముతున్నానో చెప్పాలి. వేడిని అదుపు చేయడానికి దేశాలు 2015లో కుదుర్చుకున్న పారిస్ ఒప్పందానికి ముందు, ఈ శతాబ్దం చివరికి భూమి 4 డిగ్రీల దరిదాపుల్లో వేడెక్కుతుందని లెక్కలు వేసేవారు. ఇప్పుడు అమల్లో ఉన్న విధానాలను బట్టి వేసే లెక్క 3 డిగ్రీల లోపుకు వచ్చింది. అది కూడా భరించలేని వేడే, కాని పదేళ్ళ ప్రయత్నానికి ఫలితం ఉందనడానికి ఇది చాలు. అంతకు ముందే ఓజోన్ పొర విషయంలో ప్రపంచం ఒక పని చేసి చూపించింది. ఫ్రిజ్‌లలోనూ ఏసీలలోనూ వాడే వాయువులు ఆ పొరను తినేస్తున్నాయని తేలాక 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది, ఆ వాయువుల తయారీని అంచెలంచెలుగా ఆపేశారు, అంటార్కిటికా మీది ఓజోన్ 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి చేరుతుందని ఇప్పటి అంచనా. ఆ ఒప్పందం నిలబడడానికి రెండు కారణాలు నాకు కనిపిస్తాయి: ఆ వాయువులకు బదులు వాడదగినవి పరిశ్రమ చేతికి అందాయి, మారే ఖర్చు భరించలేని మనలాంటి దేశాల కోసం ప్రత్యేక నిధి ఏర్పడింది. తర్వాత వచ్చిన బదులు వాయువులు కూడా భూమిని వేడెక్కిస్తున్నాయని గుర్తించి, 2016లో కిగాలీలో వాటి తగ్గింపునకు కూడా దేశాలు ఒప్పుకున్నాయి.

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన గడ్డ మీదే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం ఊరూరా నడిచింది. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ, సారా వల్ల కాపురాలు కూలిపోతున్న సంగతిని పాఠంగా చదివిన దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. అక్కడి నుంచి పక్క ఊళ్ళకు, ఆపైన జిల్లాలకు పాకిన ఆ ఉద్యమం ముందు సారా వేలంపాటలు సాగలేదు, 1993లో రాష్ట్రమంతటా సారాను నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. ఉద్యమానికి ముందు ఏడాది ఎవరైనా ఇలా జరుగుతుందని రాసి ఉంటే అదీ కట్టుకథలాగే ఉండేది. అయితే ఈ కథను ఇక్కడితో ఆపేస్తే సగం చెప్పినట్టవుతుంది. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించారు, మద్యం దుకాణాలు మళ్ళీ తెరుచుకున్నాయి. ఖజానాకు రావలసిన రాబడి పోవడం అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. జనం పోరాడి ఒక దాన్ని ఆపగలరు. దాని మీద ఆధారపడిన రాబడికీ జీతాలకూ బదులు దారి చూపకపోతే, ఆపినది కొన్నేళ్ళలో తిరిగి వస్తుంది. వాతావరణ మార్పు గురించి నేను చదివిన గ్రంథాలన్నిటికంటే ఈ ఒక్క అనుభవమే నాకు ఎక్కువ నేర్పింది, కింద చెప్పబోయేదంతా దీని మీద ఆధారపడే చెబుతున్నాను.

అమెజాన్ అడవి సంగతి కూడా దీనికి దూరమైనది కాదు, పైగా అందులో మన ఊరి పేరుంది. మన వైపు నుంచి ఓడల్లో తరలివెళ్ళిన ఒంగోలు జాతి పశువుల సంతతిని బ్రెజిల్‌లో నెలోరె అంటారు. ఆ దేశపు మాంసపు పశువుల్లో అత్యధిక భాగం అవే, అడవిని నరికి వేసిన పచ్చికబయళ్ళలో మేసేవీ ఎక్కువగా అవే. అక్కడ 2004లో ఒక్క ఏడాదిలో 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి పోయింది. ఉపగ్రహాలతో నిఘా పెట్టి, తప్పుచేసినవారికి అప్పులు పుట్టకుండా చేసి, 2012 నాటికి దాన్ని 5 వేల లోపుకు తెచ్చారు. నిఘా సడలగానే 2021లో 13 వేలకు ఎగబాకింది, మళ్ళీ బిగించాక 2024లో 6 వేల చిల్లరకు దిగింది. తగ్గించడం చేతనవుతుందని ఆ అంకెలు చెబుతున్నాయి, తగ్గినది తగ్గినట్టే ఉండాలంటే ప్రభుత్వం మారినా మారని వ్యవస్థ కావాలనీ చెబుతున్నాయి.

ఇప్పుడు మన జిల్లాకు వస్తాను. ముందుగా బొగ్గు. కృష్ణపట్నం రేవు చుట్టుపక్కల నేలటూరు దగ్గరి దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలోనే ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి, వీటికి తోడు ప్రైవేటు కేంద్రాలూ ఉన్నాయి. మూడో యూనిట్‌ను 2022లో జాతికి అంకితం చేశారు. మామూలుగా ఇలాంటి యూనిట్ ముప్పయి, నలభై ఏళ్ళు నడుస్తుంది. భారతదేశం 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించిన నికర సున్నా (గాలిలోకి వదిలేదీ తిరిగి తీసివేసేదీ సమానం కావడం) గడువు 2070. అంటే ఈ కేంద్రాలు తమ ఆయుష్షు తీరి ఆగిపోయే కాలం, దేశం చేరుకోవాలనుకున్న గమ్యం ఇంచుమించు కలుస్తాయి. వాటి స్థానంలో మళ్ళీ బొగ్గు కేంద్రమే కట్టకుండా ఉంటే చాలు. ప్రపంచంలో బొగ్గుతో కరెంటు అమ్మడం మొదలైన లండన్ నగరం ఉన్న బ్రిటన్‌లోనే, 1882 నుంచి సాగిన ఆ పని 2024 సెప్టెంబరు 30న చివరి కేంద్రం మూతపడడంతో ముగిసింది.

బదులు కరెంటు ఎక్కడిది అన్న ప్రశ్నకు నేను ఉద్యోగంలో చేరిన కాలంలో జవాబు లేదు. ఇప్పుడుంది. మన దేశంలో 2010 ప్రాంతంలో యూనిట్ పది రూపాయలు దాటిన సౌర విద్యుత్తు ధర, పదేళ్ళు తిరిగేసరికి వేలంలో రెండున్నర రూపాయల దరిదాపులకు పడిపోయింది. సాయంత్రం ఆరు దాటాక ఏం చేయాలన్నదే అసలు చిక్కు. పగలు మిగిలిన కరెంటుతో నీటిని పై జలాశయానికి తోడి, రాత్రి కిందికి వదిలి మళ్ళీ కరెంటు తీసే పద్ధతి నంద్యాల జిల్లా పిన్నాపురంలో కళ్ళెదుట ఉంది. బ్యాటరీల ధరలు కూడా ఏటేటా దిగుతున్నాయి. సాంకేతికంగా చూస్తే ఇది పరిష్కరించదగిన చిక్కే. నాకు బెంగ కలిగించేది వేరే విషయం. ఆ కేంద్రాల్లో కాంట్రాక్టు కింద పనిచేసేవారు, బొగ్గు దించే హమాలీలు, బూడిద లారీల డ్రైవర్లు, వాళ్ళ మీద నడిచే టీ అంగళ్ళు, ఇవన్నీ ముత్తుకూరు చుట్టుపక్కల ఊళ్ళ బతుకు. రేవూ, పెద్ద కరెంటు లైన్లూ, పరిశ్రమకు అలవాటుపడిన మనుషులూ ఇప్పటికే ఉన్న చోటు కనుక, సౌర ఫలకాలో బ్యాటరీలో అక్కడే తయారయ్యేలా, ఆ పనులకు ముందు వీళ్ళ పిల్లలకే శిక్షణ దొరికేలా మూతకు పదేళ్ళ ముందే ఏర్పాటు జరగాలి. మూసిన తర్వాత కమిటీ వేస్తే, మద్యనిషేధానికి పట్టిన గతే దీనికీ పడుతుంది.

నెల్లూరు అంటే వరి. వరి మడిలో నీరు నిలిచినప్పుడు గాలి అందని బురదలో సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారుచేస్తాయి. మనుషుల పనుల వల్ల పుట్టే మీథేన్‌లో పదో వంతు దాకా వరి పొలాలదే. ఇరవై ఏళ్ళ లెక్కలో చూస్తే ఈ వాయువు బొగ్గుపులుసు వాయువుకు ఎనభై రెట్లు వేడెక్కిస్తుంది, కాని పన్నెండేళ్ళు తిరిగేసరికి గాలిలో చాలావరకు విరిగిపోతుంది. అందువల్ల ఈ రోజు తగ్గిస్తే ఫలితం మన కాలంలోనే కనిపించే పనుల్లో ఇది ఒకటి అనుకుంటాను. పద్ధతి కూడా కొత్తది కాదు. రంధ్రాలున్న గొట్టాన్ని మడిలో పాతి, లోపలి నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్ళీ తడి పెట్టాలి. నాటిన తొలి రెండు వారాలూ కలుపు రాకుండా, పూత సమయంలో తాలు పడకుండా నీరు నిలపాలి. ఇలా ఆరుతడిగా పండిస్తే దిగుబడి తగ్గకుండా మీథేన్ 30 నుంచి 50 శాతం, నీరు దాదాపు పాతిక శాతం తగ్గుతాయి. యూరియా విచ్చలవిడిగా చల్లితే మాత్రం మడి ఆరినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వేడి వాయువు పెరుగుతుంది, కనుక ఎరువును దఫదఫాలుగా, తగు మోతాదులో వేయడం కూడా ఇందులో భాగమే.

ఇంత తేలికైన పద్ధతిని రైతు ఎందుకు పాటించడం లేదని సదస్సుల్లో అడుగుతుంటారు, అవగాహన లేదని వాళ్ళే జవాబు చెప్పుకుంటారు. కాలవ గట్టు మీద నిలబడి చూసినవాడిగా నేను దాన్ని ఒప్పుకోను. రైతు కయ్య నిండా నీరు నింపుకునేది వచ్చే వంతు నీరు వస్తుందో రాదో నమ్మకం లేక. చివరి ఆయకట్టు రైతుకు ఇది మరీ నిజం: తూము ఎప్పుడు మూస్తారో తెలియని మనిషికి, మడి ఆరేదాకా ఆగు అని చెప్పడం అన్యాయం. ఫలానా రోజు ఫలానా గంటకు నీ వంతు వస్తుందని చెప్పి, రెండు, మూడేళ్ళ పాటు తప్పకుండా ఇచ్చి చూపితే, గొట్టం పాతమని ఎవరూ చెప్పకముందే రైతే ఆరబెడతాడు, ఎందుకంటే ఆరుతడి వల్ల వేరు బలపడుతుందని అతనికి మనకంటే బాగా తెలుసు. అంటే మన డెల్టాలో మీథేన్ తగ్గించే ప్రధాన సాధనం కాలవ తూములు చూసుకునే సరైన లస్కరు, పూడిక తీసిన కాలవ, తుప్పు పట్టని షట్టరు. సోమశిల 78 టీఎంసీలు, కండలేరు 68 టీఎంసీలు పట్టే జలాశయాలు; సంగం దగ్గర, నెల్లూరు దగ్గర 2022లో కొత్త బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. నీటిని నిలవ చేసుకునే స్తోమత మనకు వచ్చింది. వంతు తప్పకుండా పంచే క్రమశిక్షణ ఇంకా రావలసి ఉంది, 2070 నాటి నెల్లూరును నేను ఊహించినప్పుడల్లా ముందుగా కనిపించేది ఆ వంతుల పట్టికే.

వేడెక్కిన గాలి ప్రతి డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది, అందుకే కురిసిన రోజున కుండపోతగా కురుస్తుంది. 2021 నవంబరులో సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదలవలసి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. అలాంటి వరద మళ్ళీ వస్తుంది. గేట్ల సంగతి మరింత జాగ్రత్తగా చూసుకోవాలి: గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022లో ఒక గేటు, 2023లో మరొకటి దెబ్బతిని నిలవ నీరు సముద్రం పాలయింది. కొత్త ప్రాజెక్టు శంకుస్థాపనకు ఉండే ఉత్సాహం పాత గేటుకు రంగు వేయడానికీ గ్రీజు పెట్టడానికీ ఉండదు. వాతావరణ మార్పు నుంచి ప్రజలను కాపాడే నిధుల్లో మరమ్మతుల పద్దు అన్నిటికంటే పైన ఉండాలని నా గట్టి అభిప్రాయం.

పాత ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో సమస్య తిరగబడుతుంది. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు బోరు ఎంత లోతుకు వెళితే ఫ్లోరైడు అంత బాధిస్తుంది. శ్రీశైలం నుంచి కృష్ణా నీటిని సొరంగాల ద్వారా తెచ్చే వెలిగొండ పథకం మీద అక్కడివారు పెట్టుకున్న ఆశ న్యాయమైనది. కాని పైనుంచి వచ్చే నీరు చెరువుల గొలుసును మరిపించకూడదు. గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువును 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించారు. అయిదు వందల ఏళ్ళ కరువులనూ వానలనూ తట్టుకున్న కట్ట అది. ఇక అక్కడి పొగాకు: కోసిన ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు కట్టెలను మింగుతాయి, అందరికీ తెలుసు, అయినా మరో పంటకు అంత ఖచ్చితమైన వేలం వేదికా రొక్కమూ లేక రైతు దాన్ని వదలలేడు. శనగకో కందికో చిరుధాన్యాలకో అలాంటి వేదిక ఏర్పడిన నాడు పొగాకును ఎవరూ నిషేధించనక్కరలేదు. 2016లో రాష్ట్రంలో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ సంస్థ ఇచ్చే అంతర్జాతీయ పురస్కారాన్ని అందుకుంది. వానకు ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పే దాని పద్ధతి మెట్టకు బాగా నప్పుతుందని నా నమ్మకం.

తీరం సంగతి చెబుతాను. 1977 నవంబరు తుఫానులో దివిసీమ ప్రాంతంలో 10 వేల మందికి పైగా చనిపోయారు. 1990 మేలో దాదాపు అంతే భీకరమైన తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటితే మృతులు వెయ్యి లోపే ఉన్నారు, ఎందుకంటే అప్పటికి హెచ్చరిక ముందుగా అందింది, లక్షకు పైగా జనాన్ని తరలించారు. వేడెక్కుతున్న బంగాళాఖాతంలో తుఫానులు త్వరత్వరగా బలపడుతున్నా, ఇటీవలి కాలంలో ప్రాణనష్టం బాగా తగ్గింది. మనుషులు నేర్చుకుంటారని చెప్పడానికి ఇంతకంటే రుజువు నాకు అక్కరలేదు. ముందు ముందు పాలెం, పడవ, రొయ్యల గుంట కూడా బతికేలా చూడాలి: ఉప్పుటేరుల వెంట మడ అడవులు పెంచాలి, గుంటల ఉప్పునీరు తాగునీటి బావుల్లోకి దిగకుండా దూరం పాటించాలి. 2004 సునామీ నాడు పొంగి వచ్చిన నీటిలో కొంత భాగాన్ని పట్టుకుని మళ్ళీ సముద్రంలోకి మళ్ళించిన బకింగ్‌హాం కాలవ పూడిక తీయాలి. ఒకప్పుడు మద్రాసుకు సరుకు మోసిన ఆ కాలవ మీద కరెంటు పడవలు తిరిగే రోజును నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

ఎండ గురించి ఒక్క మాట. 2015 మే వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణల్లో 2 వేల మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది వృద్ధులు, ఆరుబయట పనిచేసేవారు. కూలి తగ్గించకుండా పనివేళలను తెల్లవారుజాముకు మార్చడం, రేకుల ఇళ్ళ పైకప్పులకు తెల్లసున్నం వేయడం, నీడా నీరూ ఉన్న పని స్థలం, ఇవి ఖర్చు తక్కువైనవి, ఈ ఎండాకాలమే చేయదగినవి.

చివరగా, మీలాంటివారు ఏం చేయాలని అడిగారు. మీరు భౌతికశాస్త్రం విద్యార్థిని అని రాశారు. పై చదువుకు వెళ్ళగలిగితే కరెంటు నిలవ, గ్రిడ్ నిర్వహణ, జలశాస్త్రం, వీటిలో ఏదైనా తీసుకోండి. రాబోయే నలభై ఏళ్ళూ వీటికి మనుషులు కావాలి, మన జిల్లాల్లోనే కావాలి. ఈ లోగా చేయగలిగింది కూడా ఒకటుంది. రైతులకే కాలవల యాజమాన్యం అప్పగించే చట్టం మన రాష్ట్రంలో 1997 నుంచి ఉంది, దాని కింద మీ అమ్మమ్మగారి ఊరి చెరువుకు కూడా నీటి వినియోగదారుల సంఘం ఉంటుంది. సెలవులకు వెళ్ళినప్పుడు తూము దగ్గర నీటిమట్టం కొలిచే గేజి ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టించమని సంఘం పెద్దలను అడగండి. అక్టోబరు వానల నుంచి మార్చి కోతల దాకా వారానికి ఒకసారి ఆ మట్టాన్ని, తూము తెరిచిన రోజులను ఒక పుస్తకంలో ఎక్కించే బాధ్యతను ఊళ్ళో చదువుకునే పిల్లలకు అప్పగించండి. ఆ పుస్తకం రెండేళ్ళు సాగాక దాన్ని పట్టుకుని మీ ప్రాంతపు జలవనరుల శాఖ డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారి దగ్గరికి వెళ్ళండి, చివరి ఆయకట్టుకు వంతుల పట్టిక వేయమని అడగండి.